పెదవులు కలిసే చోటు

పొద్దున పదకొండింటి లోపల ఒక మాట కావాలి. ఎక్కువ కాదు, ఒక్కటే. మొదట రెండు పెదవులూ కలవాలి, అంటే మ గానీ ప గానీ బ గానీ పడాలి. నడుమ కింది పెదవి ఒకసారి పైకి ఆని, ఆ వెంటనే నోరు సున్నాలా గుండ్రంగా తిరగాలి. చివర్లో పెదవులు ఇంకోసారి కలిసి విడిపోవాలి. ఇవన్నీ కుదిరాక, వీలుంటే, ఆ మాటకి అర్థం కూడా ఉంటే మంచిది. అచ్యుతరామయ్య ముప్పయ్యేళ్ళుగా చేస్తున్న పని ఇదే. ఎవరో అరవంలోనో హిందీలోనో ఏదో అంటారు, వాళ్ళ నోళ్ళు తెలుగే మాట్లాడుతున్నాయని జనం నమ్మేలా ఈయన రాయాలి. ఫిల్మ్‌నగర్‌లో ఆయన పేరు తెలియని డబ్బింగ్ థియేటరు లేదు, బయట ఆయన మొహం గుర్తుపట్టే మనిషీ లేడు. హీరో చచ్చిపోతూ చెప్పే ఆఖరి మాటలు రాశాడు, విలన్ల నవ్వులు రాశాడు, ఒకసారి ఏనుగు మావటివాడితో చెప్పుకునే కష్టసుఖాలు కూడా రాశాడు. అలాంటివాడు ఇవాళ ఒక్క మాట దగ్గర పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు. పదీ అయిదయింది. గాజు అవతల మైకు గదిలో అక్కయ్య లీలాకుమారి స్టూలు పక్కకి తిప్పుకుని, ఈయన వైపు చూడకుండా ఉండడానికి ఎంత తిరగాలో సరిగ్గా అంతే తిరిగి, గోడకేసి చూస్తోంది.

ఆ గోడ మీద చూడ్డానికేమీ లేదు, గోనెగుడ్డ పరిచి మేకులు కొట్టారు అంతే, అయినా అక్కయ్య దాన్ని కొత్త చీరల దుకాణం చూసినట్టు చూస్తోంది. మూడు నెలల నుంచి ఇదే వరస. మాట్లాడదని కాదు, మాట్లాడుతుంది, కాకపోతే ఎవరో ఒకర్ని మధ్యలో పెట్టుకుని మాట్లాడుతుంది. ఈ పొద్దున ఆ భాగ్యం సౌండ్ ఇంజనీరు తిరుమలేశ్‌కి దక్కింది. "ఆయన రాసింది కనపడ్డం లేదు, కొంచెం పెద్ద అక్షరాలు రాయమను నాయనా" అంటుంది మైకులో. స్పీకర్లోంచి ఆ మాట అచ్యుతరామయ్య చెవిలోనే పడుతుంది. ఈయన కూడా తక్కువ తినలేదు, "ఆవిణ్ణి కళ్ళజోడు పెట్టుకోమను" అంటాడు మూరెడు దూరంలో ఉన్న తిరుమలేశ్‌తో. రెండు రీళ్ళు అయ్యేసరికి తిరుమలేశ్‌కి విసుగొచ్చింది. "అమ్మ జెప్పింది నేను మీకు జెప్పాలె, మీరు జెప్పింది అమ్మకు జెప్పాలె. మరి గీ రికార్డింగ్ ఎవలు జెయ్యాలె సార్?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, నవ్వితే అక్కయ్య గాజులోంచి చూస్తుంది, చూసి తను కూడా నవ్వుతుంది, అప్పుడు ఈ మూడు నెలల బిగింపు ఎటూ కాకుండా పోతుంది. అలా పోవాలనే కదా ఆయనకీ ఉన్నది, మరి ఎందుకు నవ్వలేదో. ఇద్దరిదీ ఒకే మొండితనం, అమ్మ అనేది, మీ ఇద్దరినీ ఒకే తిరగలిలో వేశానర్రా అని.

పది గంటలకి కదా వచ్చింది ఆ లైను. సినిమా అంటే సినిమా కాదు, ఇరవై నిమిషాల బొమ్మ. కూతురు సాయిసుధ పరిశోధన చేసే ల్యాబ్ వాళ్ళు ఇంగ్లీషులో తెప్పించారు. పుట్టుకతోనే చేతివేళ్ళూ కాలివేళ్ళూ వేరుగా వచ్చే కుటుంబాల కోసం తీసింది. తెల్లజుట్టు డాక్టరమ్మ ఒకావిడ బల్లకి ఇవతల, పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకున్న పిల్లతల్లి అవతల. డాక్టరమ్మకి తెలుగు గొంతు అక్కయ్యే ఇవ్వాలని సాయిసుధ పట్టుబట్టింది, మేనకోడలి మాట కాదనలేక అక్కయ్య యూసుఫ్‌గూడ నుంచి ఆటోలో వచ్చింది. అంతా బాగానే నడిచింది. అప్పుడు డాక్టరమ్మ నిండు క్లోజప్‌లోకి వచ్చి, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ, "దిస్ ఈజ్ ఎ మాల్‌ఫార్మేషన్" అంది. దూరపు షాట్ అయితే ఏ మాట రాసినా చెల్లిపోయేది, నోరు అగ్గిపుల్ల తలంత ఉంటుంది. ఇది తెర నిండా పెదవులే. ఈయన "ఇది అవయవ లోపం" అని రాశాడు. అక్కయ్య హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "తిరుమలేశ్, ఈ లైను నేను అనను. పదకొండింటికి సీరియల్ వాళ్ళు వస్తారుగా, ఆ లోపల ఇంకో మాట రాస్తే అంటాను. లేదంటే ఆయన్నే అనుకోమను, ఆడగొంతుతో."

వేరే గొంతు దొరకదా అంటే దొరుకుతుంది, కృష్ణానగర్‌లో ఒక వీధి తిరిగితే పది గొంతులు దొరుకుతాయి. కానీ అక్కయ్య ఈ మాట మీద ఈ గదిలోంచి లేచి వెళ్ళిందంటే మళ్ళీ తన గుమ్మం తొక్కదు. సాయిసుధ పని కూడా అక్కడితో సరి. బాపట్ల దగ్గర ఊళ్ళో ఉన్న బాబాయిలూ వాళ్ళ పిల్లలూ మనవలూ, ఆ బొమ్మలో బిడ్డలాంటి చేతులున్నవాళ్ళూ మామూలు చేతులవాళ్ళూ, అందరి రక్తమూ కావాలి ఆ పిల్ల పరీక్షలకి. వాళ్ళందరికీ లీలక్కయ్య మాటే మాట. రక్తం ఇవ్వమని అడుగుతూ ల్యాబ్ నుంచి మొదటి కాగితం వెళ్ళిన రోజు అక్కయ్య ఒక్క ఫోన్ చేసింది, "ఎవరూ ఇవ్వకండి" అని. ఎవరూ ఇవ్వలేదు. ఆ కాగితం కూడా ఈయన రాసిందే. ఇంగ్లీషు నుంచి తెలుగు చెయ్యి నాన్నా అని కూతురు అడిగితే, కూతురికి తండ్రి అవసరం పడటం ఎంత అరుదు, పొంగిపోయి ఒక్క పూటలో చేసి ఇచ్చేశాడు. పైన పెద్ద అక్షరాల్లో, వంశపారంపర్య అవయవ వికృతి.

ట్రాన్స్‌లేషన్ అనే మాట వల్ల తన ఇంట్లో ఎన్ని తంటాలు వచ్చాయో. నిరుడు ల్యాబ్ నుంచి ఇంటికి ఒక కవరు వచ్చింది, సాయిసుధ పేరే గానీ పొరపాటున ఈయన చింపాడు. పైనే ఉంది, ఆల్టర్డ్ పోస్ట్ ట్రాన్స్‌లేషనల్ మాడిఫికేషన్ అని. ట్రాన్స్‌లేషన్ అయ్యాక మార్చేశారట, ఎవరు, ఎవర్నడిగి? అంతకు వారం ముందే ఒక నిర్మాత బావమరిది ఈయన లైన్లు నాలుగు మార్చి, హీరోయిన్ చేత 'ప్రేమించుచున్నాను' అనిపించి ఉన్నాడు, ఒళ్ళు మండి ఉంది. ఇంకేం, రచయితల సంఘంలో పట్టాభిరామయ్యగారికి ఫోన్ కొట్టి, ఇప్పుడు ఇంగ్లీషులో ఉత్తరాలు కూడా రాస్తున్నారండీ, నా అనువాదంలో తప్పులున్నాయట, తారుమారు చేశారట, కమిటీ వెయ్యండి అన్నాడు. ఆయన నిజంగానే కమిటీ వేశాడు. సాయంత్రం సాయిసుధ ఇంటికొచ్చి, ఉత్తరం చదివి, తండ్రి మొహం చూసి, సోఫా మీద పడి పొట్ట పట్టుకుని నవ్వింది. అది నీ గురించి కాదు నాన్నా, మన చేతుల గురించి అంది.

ఆ సాయంత్రం ఆ పిల్ల చెప్పిన తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పటిదాకా ఈయనకి ప్రొటీన్ అంటే జిమ్ముల్లో కొత్త హీరోలు పాలల్లో కలుపుకు తాగే పొడి, అంతే. కాదట. ఒంట్లో ఉన్న పనివాళ్ళందరూ ప్రొటీన్లేనట, వేల రకాలు. ఏ ప్రొటీన్ ఎలా ఉండాలో జన్యువులో అక్షరాల్లో రాసి ఉంటుంది, ఆ అక్షరాలు చదివి కణం ప్రొటీన్ తయారుచేస్తే దాన్నే ట్రాన్స్‌లేషన్ అంటారు. "అనువాదమా?" అన్నాడు ఈయన. అచ్చంగా అదే మాట నాన్నా అంది. అక్కడితో అయిపోదు, తయారైన ప్రొటీన్‌కి తర్వాత చిన్న చిన్న తగిలింపులు ఉంటాయి, ఒక తగిలింపు పడితే పని మొదలుపెట్టు అని, ఇంకోటి పడితే ఫలానా చోటికి వెళ్ళు అని, మరొకటి పడితే నీ పని అయిపోయింది, ఇక కరిగిపో అని. ఓహో, అనువాదం అయ్యాక పెదవులకి సరిపడా దిద్దుకోవడం అన్నమాట, నా బతుకంతా అదే కదమ్మా అన్నాడు. మన ఇంట్లో ఒక ప్రొటీన్‌లో ఒక్క అక్షరం వేరుగా ఉంది, సరిగ్గా ఆ కరిగిపొమ్మనే తగిలింపు పట్టుకోవాల్సిన చోట అంది. అది పట్టదు. పట్టకపోతే ఆ ప్రొటీన్ పోవాల్సిన వేళకి పోదు, ప్యాకప్ చెప్పినా సెట్టు వదలని ఆర్టిస్టులా అక్కడే ఉంటుంది. తల్లి కడుపులో ఆరేడు వారాలప్పుడు చెయ్యి ఇంకా చెయ్యి కాదు, చిన్న తెడ్డులా ఉంటుందట, ఆ తెడ్డు అంచున ఒక గట్టు ఉండి వేళ్ళని రమ్మంటుందట. మన ఇంట్లో ఆ గట్టు నడిమి భాగం పిలవడం మానేస్తుంది. పక్కవేళ్ళు వస్తాయి, నడిమివి రావు. ఇదొక్కటే కారణమని అనడం లేదు నాన్నా, ఇంకా చూస్తున్నాం అని కూడా అంది, ఆ జాగ్రత్త తల్లిది. ఈయనకైతే కళ్ళు చెమర్చాయి, బాధతో కాదు. నాలుగు తరాలు మోసుకొస్తున్న దానికి ఇంత చిన్న, ఇంత చక్కని సంగతి కారణమా అని. ఒక్క అక్షరం. అక్షరం ఎంత పని చేస్తుందో ఆయనకి ఒకరు చెప్పాలా.

పై అంతస్తులో పిల్లలు మొదలుపెట్టారు. కాల్‌సెంటర్ ఉద్యోగాలకి ట్రైనింగ్ క్లాసు, ఇదివరకు అక్కడ కాస్ట్యూమ్స్ దాచేవాళ్ళు, ఇప్పుడు ముప్పైమంది కుర్చీల్లో కూర్చుని ఒకే గొంతుతో వాటర్ అనకుండా వాడర్ అనడం నేర్చుకుంటున్నారు. పొద్దున వచ్చేటప్పుడు చూశాడు, చెక్‌పోస్ట్ దగ్గర నుంచి కంపెనీ కార్లు ఒకదాని వెనకొకటి హైటెక్ సిటీ వైపు పరుగు, వెనక సీట్లో మెళ్ళో ఐడీ కార్డుల తాళ్ళు వేసుకుని నిద్రపోతున్న పిల్లలు. సాయిసుధ క్లాసువాళ్ళందరూ వాటిలోనే ఉన్నారు. ఈ పిల్ల మాత్రం బస్సెక్కి అటు తార్నాక వైపు పోతుంది, సీసాల్లో కణాలు పెంచుకోవడానికి. చుట్టాలు ఏ కంపెనీ అని అడిగితే, ప్రొటీన్ కంపెనీ అని చెప్పమంటుంది. దానికి ఎడమచెయ్యి అందరిలాంటిదే, కుడిచెయ్యి మాత్రం ఈయనలాంటిది, ఒక పక్క బొటనవేలు, ఇంకో పక్క రెండు వేళ్ళు, నడుమ లోతుగా చీలిక. చిన్న చిన్న గాజు గొట్టాలు ఆ చీలికలో పెట్టుకుని మూత తీస్తే ఒక్క చుక్క ఒలకదని, ల్యాబ్‌లో అందరూ గొట్టాలు తెచ్చి దానికే ఇస్తారట.

తిరుమలేశ్ టీ తెప్పించాడు. మైకు గదిలోకి ఒక గ్లాసు వెళ్ళింది. వాచీ చూస్తే పదీ ఇరవై రెండు. వైకల్యం, వ దగ్గర పెదవి ఆనుతుంది గానీ కలవదు, నడుమ గుండ్రం లేదు, పైగా అక్కయ్య గ్లాసు విసిరికొడుతుంది. అవకరం, అక్షరాలు కుదరవు, మనసూ కుదరదు. లోపం పోయింది. దోషం అంటే జాతకం అనుకుంటారు. తిరుమలేశ్ ఊరుకోలేక, "మంచిగనే ఉన్నది అని రాయుండ్రి సార్, మ తోని షురూ అయితది" అన్నాడు. అన్నవాడు మంచివాడే గానీ, డాక్టరమ్మ చెయ్యి చూసి మంచిగనే ఉన్నది అంటే ఆ తల్లి ఆస్పత్రికి ఎందుకొచ్చినట్టు. అబద్ధం రాయకూడదు, అది సాయిసుధ పెట్టిన షరతు. ఏనుగుతో ఏమన్నా అనిపించొచ్చు, డాక్టరుతో అనిపించకూడదు.

అసలు వికృతి అన్న మాటలో తప్పేముంది? మూడు నెలలుగా ఈయన లోలోపల వాదించుకుంటున్నాడు. ప్రకృతి, వికృతి. అయిదో తరగతిలో నేర్చుకోలేదూ? హృదయం ప్రకృతి, ఎద వికృతి. రాత్రి ప్రకృతి, రేయి వికృతి. అగ్ని, అగ్గి. ముఖం, మొగం. ఏది తియ్యగా ఉంది నాలిక మీద? పాటలన్నీ ఎద మీద రాశారు గానీ హృదయం మీద రాశారా? సంస్కృతం మాట తెలుగు నోట్లో పడి, రెండు అక్షరాలు రాలి, ఒంపు తిరిగి మనదైపోతే దాన్ని వికృతి అంటారు, అదీ ఈయన ఉద్దేశం. జన్యువులో అక్షరం మారి చెయ్యి ఒంపు తిరిగింది, వికృతి అన్నాడు, అంతకన్నా ముద్దుగా ఎలా అంటారు? ఎంత తెలివిగా రాశానా అని మురిసిపోయాడు కూడా. కాగితం చేతికొచ్చిన రోజు అక్కయ్య ఫోన్‌లో, "నాన్న చెయ్యి వికృతి అని నీ చేత్తో నువ్వే రాశావు కదరా" అంది, అదే ఆఖరు, పెట్టేసింది. వ్యాకరణం తెలియని మూర్ఖురాలు అనుకున్నాడు. నాన్నకి ఏమనిపించేదో. నాన్న వెంకటరామయ్య నాటకాల కంపెనీలో ప్రాంప్టరు, తెర పక్కన నిలబడి పద్యాలు అందించేవాడు. ఊళ్ళో వాళ్ళ ఇంటిపేరు కాగితాల మీద ఒకటి, నోళ్ళలో మాత్రం, పీత డెక్కల్లాంటి ఆ చేతుల్ని బట్టి, ఎండ్రకాయల వారు. నాన్న దానికి కూడా పలికేవాడు. ఒక చేత్తో లాంతరు, ఇంకో చేత్తో పుస్తకం, ఆ చీలిక వేళ్ళ మధ్యనే పేజీ పట్టి టక్కున తిప్పేవాడు. అయిదు వేళ్ళవాడు రెండు కాగితాలు కలిపి తిప్పి దుర్యోధనుడి పద్యం భీముడికి అందిస్తాడు, నాకా బెంగ లేదురా అనేవాడు.

ఆ నాన్నే అక్కయ్యని మద్రాసు తీసుకెళ్ళాడు, వెంట తననీ. అక్కయ్యకి పంతొమ్మిది, తనకి పదిహేను. ఎవరో చెప్పారని, సినిమా వేషానికి మేకప్ టెస్టుకి. అక్కయ్య మొహం అప్పుడు ఎలా ఉండేదంటే ఆ వీధిలో రిక్షాలు ఆగేవి. కొత్త పట్టుచీర, చేతుల మీదికి కొంగు. మూడు గంటలు లోపల ఉంచారు. బయటికొచ్చేటప్పుడు మడతపెట్టిన చీటీ ఇచ్చారు, మీవాళ్ళకి చూపించుకోండి అని. బస్సు స్టాండులో ఆ చీటీ తనే లాక్కున్నాడు. గొప్పగా, నలుగురూ వినేలా చదివాడు. రూపం, బాగుంది. కంఠం, చాలా బాగుంది. నడక, బాగుంది. చేతులు,

పదీ ముప్పై నాలుగు. పెన్ను కింద పెట్టేశాడు.

చేతులు, వికృతి. అదే మాట. ఎర్ర సిరాతో. తనే చదివాడు, గొంతెత్తి, ఆ ఊపులో ఆపుకోలేక. అక్కయ్య చీటీ తీసుకుని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. తర్వాత నెలకి మైకు ముందు నిలబడింది, ఇక ఈ ముప్పై ఏడేళ్ళూ మైకు ముందే. ఎంతమంది అందగత్తెల నోట అక్కయ్య మాట్లాడిందో లెక్కలేదు, వాళ్ళు చేతులు ఊపుకుంటూ తెర మీద, తను చీకటి గదిలో. అదేదో సరదాగా చెప్పుకునేది, వాళ్ళకి నెయిల్ పాలిష్ ఖర్చు, నాకు లేదు అనేది, అందరూ నవ్వేవాళ్ళు, ఈయనా నవ్వేవాడు. ఎలా మర్చిపోయాడు? చదివినవాడు మర్చిపోయాడు, విన్నది మర్చిపోలేదు. ముప్పై ఏడేళ్ళ తర్వాత అదే మాట తమ్ముడి రాతలో అచ్చై ఇంటికొస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? హృదయమట, ఎదట. ఈయనకి సిగ్గేసింది. అయిదో తరగతి వ్యాకరణం ఎదరేసుకుని కూర్చున్న తన మీద తనకే చిరాకేసింది. వెళ్ళి కాళ్ళ మీద పడదామా అంటే అక్కయ్యకి అలాంటివి పడవు, సీరియల్ డైలాగులు ఇంట్లో వద్దురా అంటుంది. తనకి చేతనైంది ఒక్కటే, మాట రాయడం. మాటతో కోసినవాడు మాటతోనే కుట్టాలి, అదీ ఇరవై ఆరు నిమిషాల్లో.

"తిరుమలేశ్, ఆ క్లోజప్పు వెయ్యి, సౌండు తీసెయ్యి, మళ్ళీ మళ్ళీ వెయ్యి." ఇంగ్లీషు పోయింది. తెర మీద తెల్లజుట్టు మనిషి, పెద్ద కళ్ళు, మూగ పెదవులు. ఇన్నేళ్ళూ ముందు అర్థం తెచ్చుకుని తర్వాత దాన్ని పెదవుల్లో కుక్కేవాడు, చెప్పుల్లో కాలు కుక్కినట్టు. ఇవాళ తన దగ్గరున్న అర్థాలన్నీ తిట్లే. పోనీ పెదవులే చెప్పనీ. కలిశాయి, మ. విడిపోయాయి. కింది పెదవి పైకి ఆనింది, గుండ్రం, పో. మళ్ళీ కలిశాయి, మ్మా. మ, పో, మ్మా. మరి పోమ్మా. ఇంకోసారి వేశాడు తిరుమలేశ్, డాక్టరమ్మ అంత దయగా, అంత ప్రేమగా, మరి పోమ్మా అంటోంది ఆ పిల్లతల్లిని. తిరుమలేశ్ కూడా ఆ పెదవులు చదివేశాడు, "గదేంది సార్, పొమ్మంటున్నదా?" అన్నాడు, ఇద్దరూ నవ్వారు, ఈసారి ఆపుకోలేకపోయారు. నవ్వు మైకు గదిలోకి వినపడకపోయినా కనపడింది కాబోలు, అక్కయ్య ఇటు తిరిగింది. తిరిగి, ఏమీ ఎరగనట్టు రెండో గ్లాసు టీ తాగుతోంది. గ్లాసు వేడిగా ఉంది, ఆ చీలికలో అంచు పట్టుకుని, బొటనవేలు పైన, రెండు వేళ్ళు కింద, కొంచెం వంచి, ఊదుతూ. నాన్న లాంతరు పట్టుకున్నట్టే. తను పెన్ను పట్టుకున్నట్టే. సాయిసుధ గాజు గొట్టం పట్టుకున్నట్టే. ఎవరు నేర్పారు ఎవరికి? సాయిసుధ పుట్టిన రోజు ఆస్పత్రిలో అమ్మ ఆ చిన్న గుప్పిట విప్పి చూసి, ఎంతసేపో చూసి, ఏమందీ? అయ్యో అనలేదు. ఖర్మ అనలేదు. అచ్చం మేనత్త పోలికేనర్రా అంది.

పోలిక.

మ, పో, మ్మా. మీ పోలికమ్మా. ఇది మీ పోలికమ్మా. పెన్ను ఎక్కడ పెట్టాడో కనపడలేదు, తిరుమలేశ్ జేబులోది లాగేశాడు. పెదవులు మూగగా మళ్ళీ కదిలాయి, ఈయన వాటితో పాటు గొణిగాడు, లి, క, రెండూ డాక్టరమ్మ నోరు తెరిచి ఉన్న చోటే పడ్డాయి. కానీ నిజమేనా, నిజం కావాలి కదా, సెల్‌ఫోన్ తీసి కూతురికి కొట్టాడు. సాయిసుధ ఏదో మిషన్ పక్కన ఉన్నట్టుంది, గుయ్యిమంటోంది.

"మాల్‌ఫార్మేషన్‌కి పోలిక అని రాస్తే తప్పా అమ్మా?"

"తప్పు కాదు నాన్నా. వంశంలో వచ్చేదే కదా మనం చెప్పాల్సింది" అంది. తర్వాత మామూలు గొంతుతో, "కానీ పట్టు చాలకపోతే ఆపరేషన్ చెయ్యొచ్చు అనే లైను ఉంది చూడు, దాన్ని మాత్రం మెత్తబరచకు. అవసరమైన పిల్లలు ఉంటారు." మెత్తబరచను అన్నాడు. "అత్త ఉందా ఇంకా?" అంది. ఉంది, టీ తాగుతోంది అన్నాడు.

కాగితం తిరుమలేశ్ చేతికిచ్చి, "ఆవిడకి..." అనబోయి ఆగాడు. తనే లేచాడు. బరువు తలుపు తోసుకుని మైకు గదిలోకి వెళ్ళి స్టాండు మీద పెట్టాడు, పెద్ద అక్షరాలతోనే రాశాడు. అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుంది. చదివింది. ఒక్క లైను చదవడానికి అంతసేపా. మొహంలో ఏమీ లేదు, ముప్పై ఏడేళ్ళు నవ్వులూ ఏడుపులూ గొంతులోంచి మాత్రమే తీసిన మనిషి, మొహం ఎవరికీ అద్దెకివ్వలేదు. ఏదో అనాలని, అక్కయ్యా, ఆ చీటీ నేను చదివాను, బస్సు స్టాండులో, అన్నాడు ఈయన. ఆవిడ కాగితంలోంచి తల ఎత్తలేదు. బయటికి నడు, లైటు వెయ్యాలి అన్నట్టు చెయ్యి ఊపింది, అంతే. ఈయన ఇవతలికొచ్చి కూర్చున్నాడు. పదీ నలభై తొమ్మిది. బయట వరండాలో సీరియల్ వాళ్ళు అప్పుడే వచ్చేసి, అత్తగారి గొంతావిడా కోడలి గొంతావిడా ఒకే పొట్లంలో పల్లీలు తింటున్నారు.

ఎర్ర దీపం వెలిగింది. డాక్టరమ్మ తెర నిండా వచ్చింది. అక్కయ్య ఊపిరి తీసుకోవడం స్పీకర్లో వినపడింది, తర్వాత ఆ గొంతు, ఎంతోమంది తల్లులకీ అత్తలకీ ప్రియురాళ్ళకీ ఇచ్చి ఇచ్చి కూడా అరగని గొంతు. "ఇది మీ పోలికమ్మా. మీ ఇంట్లో వస్తూ ఉంటుంది." తెర మీద పెదవులు కలిశాయి, ఆనాయి, కలిశాయి. ఆ తెల్లజుట్టు ఆవిడ పుట్టింది తెనాలిలోనో రేపల్లెలోనో అన్నట్టుంది. పిల్లతల్లి తల వంచి బిడ్డ చేతిని చూసుకుంది, ఇంగ్లీషులో ఏడుపులా కనపడ్డ ఆ చూపు తెలుగులో ఇంకోలా ఉంది. తిరుమలేశ్ మీటలు వదిలి వెనక్కి వాలాడు. "ఓకే అమ్మా, లిప్పు దించినట్టు పడ్డది. ముందుకు పోదమా?"

ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అచ్యుతరామయ్య కుర్చీ అంచుకి వచ్చి కూర్చున్నాడు. స్పీకర్లో కాగితం సవరించుకున్న చప్పుడు, గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత వచ్చింది డాక్టరమ్మ గొంతు కాదు, ఇంట్లో గొంతు.

"ఒరేయ్ అచ్యుతం, ఆ అచ్చు కాగితంలో కూడా మార్చి రాయి. ఊరికి నేనే తీసుకెళతా."

ఈయన తల ఊపాడు.

"తిరుమలేశ్, ఓకే అయిందని నాకూ తెలుసులే. అదే లైను మళ్ళీ వెయ్యి నాయనా. ఇంకోసారి అంటాను."